పేరయ్య ఎడమకాలు

పేరయ్యకు నమ్మకం అనేది పుట్టుకతోనే లేదండీ. చెరుకుపల్లి రైసుమిల్లులో ముప్ఫయ్యేళ్లు ధాన్యం చూశాడు. బస్తాలో ఇనపగొట్టం గుచ్చి, గింజలు అరచేతిలో పోసుకుని, పక్కబస్తా గింజలతో పోల్చి చూస్తేగానీ కాటా వేయనిచ్చేవాడు కాదు. సొంత బావమరిది తెచ్చినా అదే వరస. పంచె ఎగ్గట్టి, రోజంతా ఎండలోనే.

అలాంటివాడి కుడికాలి మీద, మోకాలి కింద, రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ. రెండేళ్లయినా మానలేదు. తెనాలిలో చర్మం డాక్టరు మాధవీలత ముక్క తీసి పరీక్ష చేయించింది.

"క్యాన్సరేనండి. కానీ ఇంకా పైచర్మంలోనే ఉంది. ఈ క్రీము రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు రాయండి. ఎర్రబడుతుంది, మండుతుంది, పుండై చెక్కు కడుతుంది. భయపడి ఆపేశారో, జబ్బు లోపలికి దిగుతుంది, అప్పుడిక ఆపరేషనే. రాసినచోట ఎండ తగలనివ్వొద్దు. రాశాక చేతులు కడుక్కోండి."

క్యాన్సరుకు పైపూతా! పేరయ్య రేపల్లె వెళ్లి, మందుల షాపులో ట్యూబు చూపించి కూపీ లాగాడు.

"కడుపులో క్యాన్సరొస్తే ఇదే మందు నరానికి ఎక్కిస్తారు బాబాయ్. మీకు పైనే ఉందిగా, పైనే రాస్తారు" అన్నాడు షాపతను. అంతే, అనుమానం రెట్టింపైంది. అసలు సరుకు ఎవరికో ఎక్కించి, తనకు తాలు అంటగట్టారేమో!

పదోరోజుకు మచ్చ భగ్గుమంది. తోలు ఊడి రసి కారింది.

"నువ్వే ఎక్కువ పులిమావ్!" అని రోజూ మందు రాసిపెట్టే భార్య మీద ఎగిరాడు.

"డాక్టరమ్మ ముందే చెప్పిందిగా" అంది కృష్ణవేణి.

"ఎవరికి రాసినా ఇట్టాగే కాలుద్ది. ఇది మందు కాదే, యాసిడ్!"

ట్యూబు విసిరేయబోయి ఆగాడు. పక్కబస్తా చూడకుండా ఏనాడైనా తేల్చాడా? కుడికాలికి రాస్తూనే, ఎవరికీ చెప్పకుండా, నున్నగా ఉన్న ఎడమకాలికీ రాయడం మొదలెట్టాడు. అదీ కాలితే మందు దొంగదన్నమాట, ఇక ఆపేయొచ్చు.

పన్నెండు రోజులకు ఎడమకాలు కాస్త కందింది, అంతే. చీలమండ పైన ఒక్కచోట మాత్రం చింతగింజంత మేర ఎర్రగా లేచి మంటెత్తింది. దొరికార్రా అనుకుంటూ తెనాలి బస్సెక్కాడు.

"మంచి చర్మాన్ని కూడా తినేసిందండి మీ మందు!"

"అక్కడ ఎవరు రాయమన్నారండి మిమ్మల్ని? ప్రయోగాలా?" అని కసిరింది డాక్టరు. తర్వాత భూతద్దం పెట్టి ఎడమకాలు చూసి, వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపింది.

వారానికి రిపోర్టు వచ్చింది. అప్పటికే కుడికాలి చెక్కు కింద గులాబీరంగు చర్మం తొంగిచూస్తోంది.

"ఎడమకాలిదీ అదే జబ్బండి. కంటికి కనపడకుండా మొదలైంది. మంచి చర్మం జోలికి ఈ మందు పెద్దగా పోదు. చెడ్డదాన్నే పట్టుకుంది."

పేరయ్య వంగి ఎడమకాలు పట్టుకున్నాడు.

"మిమ్మల్ని అనుమానించానండి. షాపతన్ని అనుమానించాను, ఇంట్లోదాన్నీ అనుమానించాను. దీన్ని మాత్రం... ఒక్కరోజు కూడా అనుమానించలేదండి."