వదిన మింగిన అవిసెలు

అన్న జల్‌పల్లిల ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన రోజు అమ్మ అవిసె లడ్డూలు చేసుకొని పోయింది. గింజలు దోరగ వేయించి, రోట్ల దంచి, బెల్లం కలిపి చుట్టింది. వదిన స్టీలు డబ్బా మూత తీసి, తన చెల్లెండ్ల ముందట, "ఏంది అత్తమ్మా, బర్రెల దాణా తెచ్చినవ్?" అన్నది. అందరు నవ్వినంక, పక్క ప్లాటుల కట్టేసిన బర్రెకు అన్నీ పెట్టించింది. బర్రె వంక పెట్టకుంట తిన్నది. ఆ రోజు మా అమ్మకు మర్యాద చేసింది అదొక్కటే.

అమ్మ ఖాళీ డబ్బా కడిగి అటక మీద పెట్టింది. దాన్ని దించే రోజు కోసం నేను ఆరేండ్లు చూసిన.

పోయినేడు వదినకు రక్తంల కొవ్వు పెరిగింది. మందుల దాకా పోవద్దు, ముందు తిండి మార్చుండ్రి, ఒమేగా-3 ఉండేటివి తినుండ్రి అన్నడు డాక్టరు. నేను బీయస్సీ చదివినోన్ని. ఒమేగా-3 అసొంటి కొన్ని కొవ్వులు మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిల నుంచే రావాలె: సముద్రపు చాపలు, అక్రోట్లు, అవిసెలు. వదినకున్న మిగిలిన కొవ్వంత సొంత తయారీ.

చాపల వాసన ఆమెకు పడదు. సూపర్ మార్కెట్ల ప్యాకెట్ కొన్నది. రోజు పొద్దున చెంచెడు గింజలు నోట్ల పోసుకొని నీళ్లతోటి మింగుడు.

"ఫ్లాక్స్ సీడ్స్ అంటరు. మీ పాతబస్తీల దొరకవేమో," అన్నది నాతోని.

"మాకెక్కడియి వదినా," అన్న.

అవిసె గింజ తోలు గట్టిది. నమలకుంట మింగితే ఎట్ల పోయిందో దాదాపు గట్లనే బయటికొస్తది. నేను చెప్పలే. నాలుగు నెలలు చెప్పలే. కలిసినప్పుడల్ల "మింగుతున్నవా వదినా?" అని అడుగుడు మాత్రం మరువలే. ప్రాణం మీదికొచ్చేదేం లేదని డాక్టరే అన్నడు. లేకుంటే చెప్పేటోన్నే. అనుకుంట.

మళ్ల పరీక్ష చేయిస్తే అంకె కదలలే. రోజు సాయంత్రం తినే మిర్చీ బజ్జీలు కూడ కారణం కావచ్చు. కానీ ఆ ఘనత నేను మిర్చీలకు పంచదల్చుకోలే.

వదిన మా ఇంటికొచ్చి ప్యాకెట్ ముందటేసింది. "ఏం గింజలో ఏమో అత్తమ్మా, పని చేస్తలేవు."

నా దగ్గర జవాబు తయారుగ ఉన్నది: బర్రెలైతే నములుతయి వదినా. నోరు తెరిచేలోపు అమ్మ నాలుగు గింజలు అరచేతిల పోసుకొని చూసింది.

"గివి అవిసెలే గద బిడ్డా. దంచుకొని తినాలె. ఫికర్ చెయ్యకు, లడ్డూలు చేసి పంపుత."

నేను ఆరేండ్లు దాచుకున్న పగను అమ్మ ఒక్క మాటతోటి ఉత్తగనే ఇచ్చేసింది. వదిన ప్యాకెట్ దిక్కు చూసి "ఊఁ" అన్నది. బర్రె సంగతి ఎవ్వరు తియ్యలే.

తెల్లారి అమ్మ నన్నే దంచమన్నది. దంచిన, మెత్తగనే. అటక మీది డబ్బా దించి, లడ్డూలు నింపి, మూత మీద కాగితం అంటించి మార్కర్‌తోటి పెద్దగ రాసిన: బర్రెల దాణా.

"ఏం రాసినవ్ రా?" అమ్మ అడిగింది.

"లోపల ఏమున్నయో రాసిన."

అమ్మకు చదువు రాదు. వదినకు వస్తది.