సులోచన నేర్పిన మాట

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో ఒక డాబా మీద అప్పుడప్పుడు పొద్దుటిపూట ఒక వింత భోజనం జరుగుతుంటుంది. రెండు పొడుగాటి బల్లలు, వాటి మీద విస్తళ్ళకు బదులు పాత పేపర్లు. కొందరు ఆడవాళ్ళు పేపర్ల ముందు కూర్చుంటారు, మరికొందరు బకెట్లు పట్టుకుని వడ్డిస్తూ పోతారు. బకెట్లలో పప్పూ లేదు, సాంబారూ లేదు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో ఇసుక. అయినా కూర్చున్నవాళ్ళు "చాలు, చాలు" అంటుంటారు, వడ్డించేవాళ్ళు "ఒక్క గరిటె, ఒక్క గరిటె" అని బతిమాలుతుంటారు. పక్క డాబా మీద బట్టలారేసే బుగ్గమ్మ మొదట్లో వీళ్ళకేదో గాలి సోకిందనుకుంది. ఇప్పుడు పనేమీ లేకపోతే ఆవిడే వచ్చి ఒక పేపరు ముందు దర్జాగా కూర్చుంటోంది.

అది సులోచన బడి. నారాయణగూడలో ఫణికిరణ్ నడిపే క్యాటరింగులో వడ్డన చేసే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్ద. కొత్తగా ఎవరు చేరినా ముందు ఈ డాబా మీద ఇసుక వడ్డించాలి. ఇసుక చిందకుండా వడ్డించడం వస్తే అన్నం దాకా రానిస్తుంది. నీళ్ళు పేపరు మీద కాకుండా పక్కవాళ్ళ ఒళ్ళో పోసిన వాళ్ళకు మాత్రం చీవాట్లే.

పెళ్ళయి ఈ పేటకు వచ్చినప్పుడు ఆమెకు ఈ పనేదీ తెలియదు. భర్త జగదీశ్వర్ నారాయణగూడలో ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టేవాడు. ఆ ప్రెస్సు కాస్తా మూతపడి ఆయన ఇంట్లో కూర్చుంటే, ఈమె కొంగు బిగించి ఫంక్షన్ హాళ్ళలో ఎంగిలాకులు తీసే పనికి వెళ్ళింది. ఊరికే తీసిందా? ప్రతి ఆకునూ చూసింది. ఎవరు ఏది వదిలేశారు, ఎవరికి పెరుగు దాకా వడ్డన అందలేదు, ఎవరు మొహమాటానికి సగం కడుపుతో లేచారు, అన్నీ ఆకుల్లోనే తెలిసేవి. "తిన్నోళ్ళు నోటితోని ఏమన్నా అంటరు. ఆకు జూస్తే నాకు ఎర్కయితది" అంటుందామె ఇప్పటికీ. ఆకులు తీసే చేతికి గరిటె రావడానికి చాలా ఏళ్ళే పట్టింది. వచ్చాక మాత్రం ఇక దించలేదు.

డాబా మీద ఆమె చెప్పే పాఠం వినాలి. బకెట్ ఎడమ చేతిలో, నడుముకు ఆనించి పట్టుకోవాలి. కింద పెట్టకూడదు, చచ్చినా పెట్టకూడదు. గరిటె ఆకుకు తగలకూడదు. మూడో మనిషికి వడ్డిస్తున్నప్పుడే కన్ను ఏడో మనిషి ఆకు మీద ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, "వద్దు" అన్న మాట చెవితో వినకూడదు, చూడాలి. వేళ్ళు విడదీసి చేయి ఆకుకు ఎత్తుగా పట్టారా, అది మొహమాటం, ఒక గరిటె వెయ్యి. నోటితో వద్దంటూ చేయే అడ్డం పెట్టలేదా, అది ఆశ, రెండు వెయ్యి. వేళ్ళు దగ్గరికి చేర్చి అరచేతిని ఆకుకు దాదాపు ఆనించేశారా, అది నిజం. దండం పెట్టి ముందుకు నడువు.

చేతి పని అయ్యాక నోటి పని. నోటిదగ్గర సులోచన మరీ చండశాసనురాలు. పెళ్ళిలో "లేదు" అనకూడదు, "అయిపోయింది" అనకూడదు. గిన్నె అడుగు కనిపిస్తున్నా "వస్తోందండీ" అనాలి. చేతులు కడుక్కునే చోట తువ్వాలు అందిస్తూ, నవ్వుతూ, "సంతోషమండీ, మళ్ళీ రండి" అనాలి. ఈ చివరి మాటను వరసగా నిలబెట్టి అందరిచేతా అనిపిస్తుంది. నిద్రలో లేపి అడిగినా ఇదే రావాలంటుంది.

అందరికీ వచ్చింది గానీ, అడిక్‌మెట్ నుంచి వచ్చే ఉదయశ్రీకి నోటితోనే చిక్కొచ్చిపడింది. డిగ్రీ చదివిన పిల్ల. పనిచేసే బట్టల దుకాణం ఎత్తేస్తే ఇక్కడ చేరింది. తండ్రి లేడు, తమ్ముడి చదువూ ఇల్లూ ఈమె చేతి మీదే నడుస్తున్నాయి. చెయ్యి బంగారం, చుక్క చిందదు. కానీ మొన్నటి పెళ్ళిలో వియ్యంకుడు బూరె అడిగితే, "అయిపోయినయ్ సార్" అని తాపీగా చెప్పేసింది. ఇంకేముంది! శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ మాటేమిటని మగపెళ్ళివారు లేచారు. ఫణికిరణ్ అందరి కాళ్ళావేళ్ళా పడి సర్దాడు. ఆ మర్నాడు డాబా మీద అందరి ముందూ సులోచన తేల్చి చెప్పింది.

"సూడు ఉదయా, ఇంకొక్క మాట జారిందంటే నీ తొవ్వ నీది. నా దగ్గర ఎవరికైనా ఒకటే ఖాయిదా. మల్ల నన్ను అడగొద్దు."

"సరే అక్కా" అంది ఉదయశ్రీ. ఆ తర్వాత రెండు ఫంక్షన్లలో ఆ పిల్ల నోరు విప్పితే ఒట్టు.

ఇదిలా ఉండగా అశోక్‌నగర్ నుంచి పిలుపొచ్చింది. శ్రీరామమూర్తి గారని, కరెంటాఫీసులో చేసి రిటైరయిన పెద్దాయన. ఆయన భార్య వేదవతి పోయింది. అపార్ట్‌మెంట్ కింద షామియానా వేసి పెద్దకర్మ భోజనాలు. వ్యానులో వెళ్తూ సులోచన దారిపొడుగునా జాగ్రత్తలు చెప్తూనే ఉంది.

"ఇది పెండ్లి కాదు, యాదుంచుకోండ్రి. నవ్వుకుంట పండ్లు కనబడనియ్యొద్దు. తువ్వాలిచ్చి దండం పెట్టుడే, మళ్ళీ రండి గిండి అనొద్దు. చావింటికి మల్ల రమ్మంటరా ఎవరన్నా? ఉదయా, నీకే చెప్తున్న. ఇన్నవా?"

"ఇన్న అక్కా."

"ఏమిన్నవో చెప్పు."

"మళ్ళీ రండి అనొద్దు."

వ్యానులో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఉదయశ్రీ మొహం కందిపోయి కిటికీ వైపు తిరిగింది. సులోచనకు ఒక్క క్షణం జాలేసింది. కానీ పని అంటే పనే, పిల్ల మొహం చూస్తూ కూర్చుంటే వడ్డనలు సాగుతాయా?

షామియానా కింద ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో శ్రీరామమూర్తి గారు కూర్చుని ఉన్నారు. వచ్చినవాళ్ళు ఆయన చేయి పట్టుకుని కాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళిపోతున్నారు. కూతురు పల్లవి సులోచనను పక్కకు పిలిచింది.

"నాన్నగారు సరిగా తినడం లేదండీ. మజ్జిగ తాగి లేచిపోతున్నారు. ఇవాళైనా మీరు కాస్త చూసి తినిపిస్తారా?"

"మీరు ఫికర్ చెయ్యకుండ్రమ్మా. నా పంక్తిల కూసున్నంక తినకుంట లేసినోళ్ళు లేరు" అంది సులోచన. ఆ మాట అనడంలో ఆమెకు కొంత గర్వం ఉంది. ఉండదా మరి?

పంక్తులు లేచాయి, మళ్ళీ కూర్చున్నాయి. పప్పు, అరటికాయ వేపుడు, గుమ్మడికాయ పులుసు, గారెలు, పరమాన్నం. ఎక్కడా చప్పుడు లేదు, ఎక్కడా తడబాటు లేదు. ఉదయశ్రీ పెదవులు బిగించుకుని గారెలు వడ్డిస్తోంది. ఆమె ఆకుల వైపే చూస్తూ సరిగ్గా చేతులు చదువుతోంది. సులోచన దూరం నుంచి గమనించి లోలోపల మెచ్చుకుంది. శ్రీరామమూర్తి గారు మాత్రం "అందరిదీ కానివ్వండి" అంటూ కుర్చీ కదల్లేదు.

ఆఖరి పంక్తికి ముందరిది లేచేసరికి చేతులు కడిగే చోట రద్దీ పెరిగింది. తువ్వాళ్ళు అందించడానికి సులోచనే వెళ్ళి నిలబడింది. పక్కన ఉదయశ్రీ నీళ్ళ జగ్గుతో. పోయినావిడ అన్నగారు, రామచంద్రరావు గారు, వంగి మొహం కడుక్కుంటున్నారు. పొద్దుటి నుంచి పంతులు గారిని, వంటవాళ్ళను, షామియానా కట్టినవాణ్ణి, దొరికినవాణ్ణల్లా తప్పుపడుతూ వస్తున్న మనిషి. అలాంటాయన మొహం కడుక్కుంటూనే అన్నారు.

"వడ్డన బాగుందమ్మా. తృప్తిగా తిన్నాను."

"సంతోషమండీ, మళ్ళీ రండి."

అన్నది సులోచన.

అనేశాక గానీ ఆమెకు తెలియలేదు. ఎన్నేళ్ళుగా ఎన్ని వేలమందికి అందించిన తువ్వాలది! బాగుందని ఎవరన్నా అంటే చాలు, చేయి ముందుకు పోతుంది, నోరు ఆ మాట అంటుంది. మధ్యలో మనిషికి పనే లేదు.

రామచంద్రరావు గారు నీళ్ళోడే మొహంతో గిరుక్కున తిరిగారు.

"ఎవరే అది? మళ్ళీ రమ్మంటున్నారా? ఇంకెవర్ని పంపించమంటారు ఈ ఇంట్లోంచి?"

ఫణికిరణ్ పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగడం దేనికి, ఎవరి నోరు జారుతుందో అతనికి తెలుసు కదా! నేరుగా ఉదయశ్రీ మీద పడ్డాడు.

"మళ్ళీ నువ్వేనా? అక్కడ చూస్తే అలా, ఇక్కడ చూస్తే ఇలా. జగ్గు అక్కడ పెట్టి వెళ్ళిపో. ఇక రావద్దు. సార్, కొత్త పిల్లండీ, క్షమించాలి."

ఉదయశ్రీ జగ్గు పెట్టలేదు, కాదని అనలేదు. సులోచన వైపు చూసింది, అంతే. నిష్ఠూరంగానైనా చూడలేదు, ఏం చేయమంటావక్కా అన్నట్టు చూసింది. ఊరుకుంటే చాలు. ఒక్క గుక్కెడు సేపు ఊరుకుంటే చాలు, పిల్ల వెళ్ళిపోతుంది, తన పేరు తనకుంటుంది. చిక్కడపల్లి నుంచి విద్యానగర్ దాకా సులోచనక్క వడ్డనకు వంక లేదంటారే, ఆ పేరు. ఎంగిలాకుల్లోంచి ఏరి తెచ్చుకున్న పేరు. ఆ గుక్కెడు సేపూ ఆమె ఊరుకుంది. అబద్ధమెందుకు, ఊరుకుంది.

ఉదయశ్రీ వంగి జగ్గును బల్ల మీద పెట్టబోయింది.

"ఆమె గాదు సార్" అంది సులోచన. "నేనన్న. ఆమె నోరే తెరవలే. పొద్దుగాల ఆమెకు అనొద్దని చెప్పింది గూడ నేనే. నన్ను అనుండ్రి."

రామచంద్రరావు గారు ఇంకేదో అనబోతుంటే వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. శ్రీరామమూర్తి గారు లేచి నిలబడ్డారు.

"ఊరుకోండి బావగారూ" అన్నారాయన మెల్లగా. "మీ చెల్లెలు గ్యాసుబండ తెచ్చే కుర్రాడికి కూడా మళ్ళీ రా నాయనా అనేది. మర్చిపోయారా? ఆసుపత్రిలో ఆఖరిరోజు సూది వేసి వెళ్తున్న నర్సుకీ అదే చెప్పింది, మా ఇంటికి ఒకసారి రామ్మా అని. ఇన్నాళ్ళనుంచీ ఇంతమంది వచ్చారు, వెళ్ళారు. ఒక్కరికీ మళ్ళీ రండి అనడానికి లేదు, ఆచారమట. గుమ్మంలో ఆ మాట వినపడక నాకు ఇల్లు ఇల్లులా లేదండీ. ఎవరో ఒకరు అన్నారు, పోనివ్వండి."

రామచంద్రరావు గారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తుడుచుకున్నారు.

శ్రీరామమూర్తి గారు తనంతట తానే వచ్చి ఆఖరి పంక్తిలో కూర్చున్నారు. సులోచన బకెట్ అందుకోబోయి ఆగింది. కళ్ళతోనే ఉదయశ్రీని వెళ్ళమంది. ఆ పిల్ల అన్నం పెట్టింది, పప్పు వేసింది, నెయ్యి వేసింది. ఆయన కలుపుకుని తిన్నారు. గారె తెచ్చినప్పుడు "వద్దమ్మా" అన్నారు. చేయి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. ఉదయశ్రీ ఆ చేతివైపు చూసి, మాట్లాడకుండా రెండు గారెలు వేసింది. దూరంగా నిలబడ్డ పల్లవి కొంగుతో కళ్ళొత్తుకుంది. సులోచన కూడా అటు తిరిగి తువ్వాళ్ళు మడతపెట్టడం మొదలుపెట్టింది, అవి అప్పటికే మడతపెట్టి ఉన్నా.

గిన్నెలు సర్దుకుని, ఆచారం ప్రకారం ఎవరికీ వెళ్ళొస్తామని చెప్పకుండా వ్యాను ఎక్కారు. సులోచన ముందు సీట్లో బిర్రబిగుసుకుని కూర్చుంది. అందరి ముందూ తాను పెట్టిన ఖాయిదా, అందరి ముందూ తానే తప్పింది. ఎవరైనా ఒకటేనని తనే అంది కదా. అశోక్‌నగర్ దాటి వ్యాను చిక్కడపల్లి వైపు తిరిగాక ఉదయశ్రీ వెనక నుంచి అడిగింది.

"అక్కా, రేపు డాబా మీదికి నేను రావాల్నా, వద్దా?"

సులోచన వెనక్కి తిరగలేదు. రోడ్డువైపే చూస్తూ అంది.

"నీ సంగతి తర్వాత. మాట జారింది నాది. నేను రావాల్నా వద్దా, ముందు నువ్వు చెప్పు."

ఉదయశ్రీ సీట్లోంచి ముందుకు వంగి, పక్కనున్న కట్టలోంచి ఒక తువ్వాలు తీసి, రెండు చేతులా సులోచన ముందుకు చాచి, డాబా మీద నేర్పినట్టే, నవ్వుతూ అంది.

"సంతోషమండీ, మళ్ళీ రండి."