రక్తం పారే తీరు చదివిన మా తోటికోడలు

మా తోటికోడలు పోయిన సంగతి మరిది ఫోన్లో చెప్పాడు. "వదినా, అయిపోయింది" అన్నాడు, అంతే. పది రోజులుగా న్యుమోనియాతో రాయ్‌పూర్ ఆసుపత్రిలో ఉంది. నలభై రెండేళ్లు. నేను భిలాయి పక్కన రిసాలిలో మా వంటింట్లో నిలబడి ఉన్నాను. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన ఇది: ఇక అందరూ ఆమెని ఇంకా ఎక్కువ మెచ్చుకుంటారు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఇది దాచి ఆమె గురించి మీకేం చెప్పినా అబద్ధమే అవుతుంది.

పదిహేడేళ్ల కిందట ఆమె కోడలిగా వచ్చేసరికి నేను ఎమ్మెస్సీ జువాలజీ చదివి, పరిశోధనకి సీటొచ్చినా వదులుకుని కూర్చున్నదాన్ని. ఎవరూ వద్దనలేదు. రోజూ భిలాయి నుంచి రాయ్‌పూర్‌కి లోకల్ రైల్లో వెళ్లి రావాలంటే నాకే భయం వేసింది. ఆమె పెళ్లయిన నెలకే పరిశోధనకని అదే రైలెక్కింది. జడ సగం అల్లుకుని, టిఫిన్ డబ్బా సంచిలో కుక్కుకుని, గేటు దగ్గర్నుంచి "అక్కా, వెళ్లొస్తాను" అని అరిచేది. నేను వినబడనట్టు ఉండేదాన్ని.

రక్తనాళాల లోపలి గోడకు పరుచుకుని ఉండే కణాల మీద ఆమె పని. తమని ఒరుసుకుంటూ పారే రక్తం ఒత్తిడిని ఆ కణాలు ఎలా గుర్తుపడతాయి, గుర్తుపట్టి ఏం చేస్తాయి అన్నది ఆమె ప్రశ్న. రక్తం నిలకడగా పారే చోట అవి పారే వైపుకే పొడవుగా సాగుతాయని, నాళం చీలే చోట, వంపు తిరిగే చోట పారుదల తడబడితే చిందరవందరగా ఉంటాయని, కొవ్వు పేరుకునేది ఎక్కువగా అక్కడేనని భోజనాల దగ్గర చెప్పేది. నాకు అర్థమయ్యేది. అర్థమవుతున్నందుకే నాకు బాధగా ఉండేది.

ఆరేళ్ల కిందట మా అత్తయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం ఎడమ చేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టారు. కట్టు విప్పిన రోజు తోటికోడలు ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడీ సిరలోకి రక్తం జోరుగా వస్తాది అత్తయ్యా. లోపలి కణాలకి ఆ జోరు తెలుస్తాది. దారి వెడల్పు చెయ్యమని అవే కబురెడతాయి."

"అంత సిన్నవాటికి అంత తెలివేటే!" అని అత్తయ్య మురిసిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా చెయ్యి చాపి, "దీని లోపల ఏటవుతాదో మా చిన్నకోడలికి అంతా తెలుసు" అనేది. ఉప్పు తగ్గించి కూరలు వండేది నేను. వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్లేది నేను.

కుట్టిన చోట వేళ్లు ఆనిస్తే జుమ్మని సన్నటి అదురు తెలుస్తుంది. అది ఆగిందంటే గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. నా వేళ్లు పట్టుకుని అక్కడ ఆనించి నేర్పింది ఆమే. "రోజూ ఇంట్లో ఉండేదానివి నువ్వు. నీ చెయ్యే పక్కా, అక్కా" అంది. పని నా నెత్తిన వేసిందనుకున్నాను.

ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకు నా వేళ్ల కింద ఏమీ తెలియలేదు. మళ్లీ చూశాను. లేదు. ఆమె పక్క గదిలోనే ఉంది. పిలిస్తే వచ్చి చూస్తుంది, కనిపెట్టింది తనే అవుతుంది అనిపించింది. ఆమె బజారుకు బయల్దేరేదాకా అరగంట నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పుడు ఆటో పిలిచాను. డాక్టర్లు గడ్డ తీశారు, డయాలసిస్ దారి దక్కింది. దక్కకపోతే ఇది రాసే ముఖం నాకుండేది కాదు.

సాయంత్రం వార్డులో అందరి ముందూ ఆమె, "అక్క లేకపోతే ఇవాళ ఏటైపోయేదో" అంది. మెట్లు దిగుతున్నప్పుడు నా పక్కకొచ్చింది.

"నువ్వు రోజూ ఆరున్నరకి చూస్తావు. నేను బయటికెళ్లింది ఏడింటికి."

నేను మెట్లు చూసుకుంటూ దిగాను.

"ఇంకోసారి నన్నొక్క కేకెయ్యి అక్కా. పేరు నీకే ఉంచీస్తాను."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. ఆ అరగంట సంగతి ఆమె తన భర్తకి కూడా చెప్పలేదు. ఆ మంచితనానికి నేను రుణపడి ఉన్నాను. దాన్ని చూసి కూడా కుళ్లుకున్నాను.

పదకొండో రోజున ఆమె దగ్గర పరిశోధన చేసే పిల్లలు రాయ్‌పూర్ నుంచి వచ్చారు. ఒక అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆమె పగళ్లన్నీ ఈ పిల్లకే దక్కాయి కదా అని, ఆ ఏడుపు చూసి కూడా నాకు అసూయ కలిగింది. మంచినీళ్లిచ్చి, "ఆమె చేసిన పని ఏదైనా ఉంటే చూపిస్తావా?" అని అడిగాను. ల్యాబుకి రమ్మని ఆమె ఎన్నిసార్లు పిలిచినా, పనుందని ఒక్కసారీ వెళ్లనిదాన్ని.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "దేఖియే ఆంటీ, మేడమ్ తీసిన ఫోటో ఇది."

నల్లటి తెర మీద ఆకుపచ్చగా వెలిగే సన్నటి కణాలు. ఒకదాన్నొకటి ఆనుకుని, అన్నీ ఒకే వైపుకు సాగి ఉన్నాయి. తెర ఆరిపోబోతుంటే వేలితో తాకి మళ్లీ వెలిగించాను.