ఆయ్ అంటే అవునని కాదు

ఇలా వచ్చి కూర్చోవే చిన్నీ. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను. నే చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యి, మధ్యలో నీ సొంత తెలివి కలపకు.

రెండువేల పంతొమ్మిది ఏప్రిల్. పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకేసారి ఎన్నికలు. అప్పుడు నేను రాజోల్లో సోషల్ టీచర్ని. ఉప్పలగుప్తం మండలంలో, రొయ్యల చెరువుల మధ్యనున్న ఓ ఊరి బడిలో ప్రిసైడింగాఫీసరుగా డ్యూటీ వేసేరు. అంటే ఆ రోజుకి ఆ పోలింగ్ బూత్‌కి పెద్ద నేనే. నా కింద పోలింగాఫీసర్లు, గోడవారన పార్టీల ఏజెంట్లు, ఓ మూల మైక్రో అబ్జర్వరు. ఈయన పని చూడ్డం, రాసుకోవడం అంతే, కలగజేసుకోకూడదు. మాకొచ్చినాయన కర్నూలు వైపు నుంచి బదిలీ మీద కొత్తగా దిగిన బ్యాంకాయన.

మిషన్లు రెండు. ముందు పార్లమెంటుది, తెల్ల కాయితం. తర్వాత అసెంబ్లీది, గులాబీ కాయితం. మొన్న నువ్వడిగేవు కదా, ఎంపీలు ఎన్నాళ్ళుంటారని? లోక్‌సభకి ఐదేళ్ళు. గెలిచిన రోజు నుంచి కాదే, కొత్త సభ మొదటిసారి కూర్చున్న రోజు నుంచి. ఈలోగా రద్దు చేస్తే ముందే అయిపోతుంది. రాజ్యసభకి అసలు రద్దన్నదే లేదు. ఒక్కొక్కరికి ఆరేళ్ళు, రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగిపోతారు, వాళ్ళ చోట కొత్తవాళ్ళని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. అంచేత గులాబీ ఓటు కూడా ఢిల్లీకే వెళ్తుంది, కాపోతే చుట్టు తిరిగి. అయినా మనూళ్ళలో ఎంపీ సంగతి ఎవరికి పడుతుంది? అందరి ధ్యాసా ఎమ్మెల్యే మీదే. ఆ రోజు చిక్కంతా అక్కడే వచ్చింది.

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది, లైను గేటు దాటిపోయింది. సుబ్బారాయుడుగారని, చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసి తీసి భుజాలు వంగిపోయిన పెద్దాయన, రెండు ఓట్లూ వేసి వస్తూ గొణిగేరు. "పెద్ద ఓటు దగ్గర నే నొక్కిందొకటి, అద్దంలో కనపడిందొకటి." పెద్ద ఓటంటే పార్లమెంటుది. అద్దం అంటే వీవీప్యాటు. నువ్వు నొక్కిన గుర్తు చీటీ మీద ఏడు సెకన్లు కనపడి లోపలికి పడిపోతుంది చూడు, ఆ పెట్టె.

అంతే, ఓ ఏజెంటు లేచిపోయేడు. "విన్నారా! మిషను ఓట్లు మార్చేస్తోంది! ఆపండి పోలింగు!" కిటికీల దగ్గర జనం మూగేసేరు. మా ఓట్లు ఏమైపోయేయో అని లైన్లో ఆడవాళ్ళు గొంతులు లేపేరు.

దీనికో రూలుంది. ఓటరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, ఏజెంట్ల ముందు ఆయన చేత టెస్టు ఓటు వేయించాలి. చీటీ నిజంగా తప్పు చూపిస్తే పోలింగు అక్కడికక్కడే ఆపేసి పైకి చెప్పాలి. సరిగ్గా చూపించిందంటే, తప్పుడు ఫిర్యాదని ఆయన మీద కేసు. ఆరు నెలల దాకా జైలు, లేకపోతే జరిమానా. ఆ సంగతి ముందే హెచ్చరించి మరీ కాయితం తీసుకోవాలి. హెచ్చరిక ఎక్కువైందా, బెదిరించేనంటారు. తక్కువైందా, పెద్దాయన ఇరుక్కుంటారు.

ఏజెంటు ఆగలేదు. "బాబాయ్, మిషను తప్పే కదా?"

"ఆయ్."

"కాయితం మీద వేలుముద్ర వేస్తావు కదా?"

"ఆయ్."

నేను ఆ కాయితంలో ఉన్నదీ, రూలూ చదివి వినిపించేను. "అబద్ధమని తేలితే జైలండి. తెలిసిందా అండి?"

"ఆయ్" అంటూనే బొటనవేలు ఇంకు ప్యాడు మీద అద్దేసేరు.

"ఆగండి బాబూ!" అన్నాను. కాయితం ఇవతలికి లాగేసుకున్నాను.

"ఏంటి మేడమ్‌గారూ, ముసలాయన్ని బెదిరిస్తున్నారా?" అని ఏజెంటు. కిటికీలోంచి ఎవడో ఫోనెత్తేడు.

బ్యాంకాయన మెల్లిగా, "మేడం, మూడుసార్లు ఎస్ అనేసినాడు కదా" అన్నారు.

"ఎస్ కాదండీ అది. ఇక్కడ ఆయ్ అంటే వింటున్నానండీ అని. ఉరేస్తామన్నా ఆయ్ అంటారు మావాళ్ళు" అన్నాను. లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంక ఆయ్ అనడానికి వీల్లేని ప్రశ్న అడగాలి. అలాగని ఎవరికి వేసేరో అడక్కూడదు, అది రహస్యం.

"బాబాయ్‌గారూ, ఏ గుర్తో చెప్పకండి. లోపలికెళ్ళేక ఏం చేసేరో వరసగా మీ నోటితో చెప్పండి."

"గుర్తులు మసగ్గా ఉన్నాయండి, కళ్ళానవు. పైనుంచి లెక్కపెట్టుకో అన్నారండి. లెక్కెట్టి మూ..."

"ఎన్నోదో చెప్పద్దండీ!" అని అరిచేను. ఏజెంట్లందరి చెవులూ అక్కడే ఉన్నాయి మరి.

"చెప్పనండి. దీంట్లో ఎన్నోది నొక్కేనో దాంట్లోనూ అన్నోదే నొక్కేనండి. రెండోదాని అద్దంలో సరిగ్గానే కనపడిందండి."

"పార్లమెంటుకి నిలబడ్డవాళ్ళు వేరు, అసెంబ్లీకి నిలబడ్డవాళ్ళు వేరు. వరస రెండిట్లో ఒకలాగే ఉంటుందని ఎవరైనా చెప్పేరాండీ?"

పెద్దాయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. కాయితం మళ్ళీ ఆయన ముందే పెట్టేను. "మిషను తప్పేనని మీకనిపిస్తే వెయ్యండి, నేనడ్డు రాను. అందులో ఏముందో మాత్రం ముందు మీరు నాకు చెప్పండి."

"నేన్నొక్కింది కాకుండా వేరేది చూపించిందని ఉందండి. అబద్ధమైతే జైలని ఉందండి." వేలికంటిన ఇంకు కేసి చూసుకుని, "మిషను నేన్నొక్కిందే చూపించిందండి. నేనే లెక్క తప్పేను" అన్నారు. బొటనవేలు పంచెకి తుడిచేసుకున్నారు.

"పోనీ ఆ పెద్ద ఓటు ఇంకోసారి నొక్కనిస్తారాండి?"

"కుదరదండి. అది పడిపోయినట్టే."

"మళ్ళీ ఎప్పుడండి?"

"సభ ముందే రద్దయితే తప్ప, ఐదేళ్ళకండి."

"అయితే ఢిల్లీకి నా పేరున ఎవర్నో పంపేసేనన్నమాట" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయేరు. వెనకాల లైను కదిలింది. జరిగింది జరిగినట్టు డ్యూటీ డైరీలో రాసేను.

సాయంత్రం మిషన్లకి సీళ్ళు వేస్తుంటే ఆ ఏజెంటు పక్కకొచ్చి గొంతు తగ్గించేడు. "మేడమ్‌గారూ, మావాళ్ళందరికీ ఎమ్మెల్యేది ఎన్నోదో చెప్పి పంపేనండి. ఎంపీది చెప్పాలని తట్టలేదండి."

దీంతో నేను నేర్చుకున్నది ఒకటే. హెచ్చరించడమంటే చదివి వినిపించడం కాదు. తెలిసిందా అని అడిగితే మన పని అయిపోయినట్టుంటుంది, అవ్వదు. ఏం తెలిసిందో ఎదుటివాళ్ళ నోటితోనే చెప్పించుకోవాలి. అన్నీ తెలిసేక కూడా వేలుముద్ర వేస్తానంటే అది వాళ్ళ హక్కు, పోలింగు ఆగిపోయినా సరే, అప్పుడు మనం అడ్డు రాకూడదు... ఆఁ, వస్తన్నానే అమ్మడూ! వడ్డించేసేవా? లే చిన్నీ, మీ అమ్మ పులుసు చల్లారిపోతోందని అరుస్తోంది.