పదికి పది

కరెంటంటే నాకు భయం. కరెంటు పని నేర్పే మనిషి అనాల్సిన మాట కాదు, కానీ ఉన్నమాట. నందిగామ బయట ఒక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకి పాఠాలు చెబుతాను. ప్రాక్టికల్ గంటలో హాలు నిండా పిల్లలు, బల్లల మీద బోర్డులు, చేతుల్లో వైర్లు. చూడ్డానికి నాకున్నవి రెండు కళ్ళు. ఎవడు ఎక్కడ ఏం ముట్టుకుంటాడోనని ఆ గంటసేపూ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతాను. అరుస్తూనే ఉంటాను. నా గొంతు జగ్గయ్యపేట దాకా వినపడుతుందని పిల్లలు చాటుగా అనుకుంటారట. వినపడనీ. మా ఇల్లు అక్కడే, మావాళ్ళకి అలవాటే.

ఆ భయంతోనే ఒకళ్ళ పనిని ఒకళ్ళు పరీక్షించే పద్ధతి పెట్టాను. బోర్డు కట్టేది ఒకరు, చూసి మార్కులు వేసేది ఇంకొకరు. మొదటి వారం అందరికీ పదికి పది వచ్చాయి. ఒంటె అందానికి గాడిద, గాడిద పాటకి ఒంటె మురిసిపోయినట్టు. పేర్లు తీసేసి బోర్డుల వెనక నంబర్లు అంటించాను. వైరు మెలేసిన తీరు చూసి ఎవరిదో కనిపెట్టేశారు వెధవలు. ఇలా కాదని, బస్సులో వస్తూ పోతూ ఆలోచించి పది ప్రశ్నల చీటీ ఒకటి తయారుచేశాను. స్క్రూ బిగిసిందా, వైరు అవసరానికి మించి ఒలిచారా, స్విచ్ వేస్తే బల్బు వెలిగిందా, ఆపితే ఆరిందా, ఇలాంటివి. 'బాగుంది' అని రాయడానికి జాగా లేదు. అవును, కాదు, అంతే. ప్రశ్నకో మార్కు.

పద్ధతి పనిచేసింది. స్క్రూ వదులుగా ఉందని పిల్లలు నిజంగానే పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. నా అరుపులూ తగ్గాయి. లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మా ట్రేడులో ఉన్నది ఒక్కటే ఆడపిల్ల. కీసర దాటాక లోపలికి పోతే వాళ్ళ పల్లె. ఇంట్లో తల్లీ తనూ, రెండు గేదెలు. ఒక సోమవారం క్లాసుకి వస్తూనే, "మేడం, నిన్న మా గేదెల కొట్టంలో లైటు నేనే పెట్టా! మీ చీటీ పట్టుకొచ్చి వీడే చెక్ చేశాడు. పదికి పది!" అంది. వీడంటే పక్కన నిలబడ్డ కుర్రాడు, క్లాసులో ఆమె జత. వాడు నేల చూపులు చూస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

"ఏదీ, అక్కడెలా పెట్టావో ఇక్కడ కట్టి చూపించు" అన్నాను.

చకచకా కట్టేసింది. బల్బు వెలిగింది. ఆపితే ఆరింది. శభాష్ అంటూనే, స్విచ్ ఆపి ఉండగానే బల్బు తీసి హోల్డరులో టెస్టరు పెట్టాను. టెస్టరు వెలిగింది.

కరెంటు తెచ్చే ఎర్ర వైరు ముందు స్విచ్‌కి వెళ్ళి, అక్కణ్ణించి హోల్డరుకి రావాలి. ఈ పిల్ల దాన్ని తిన్నగా హోల్డరుకిచ్చి, నల్ల వైరుని స్విచ్‌కి కలిపింది. అలా కట్టినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. కానీ స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. నా చీటీలోని పది ప్రశ్నలూ ఈ పనిని పాస్ చేసేస్తాయి.

"మీ అమ్మకి ఫోన్ చెయ్యి. ఆ బల్బు జోలికి పోవద్దని చెప్పు. ఇప్పుడే!"

ఆ పిల్ల ఫోను తీసింది. "రాత్రే మాడిపోయింది మేడం. ఇవాళ కొత్తది తెచ్చి తనే పెడతానంది."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. "గేదెల దగ్గరికి పోయేటప్పుడు ఫోను మంచం మీదే పడేస్తది మేడం" అని ఏడుపు మొదలుపెట్టింది. గేదెల కొట్టమంటే కింద ఎప్పుడూ తడే. ఆమె చెప్పులు కూడా వేసుకోదట.

గేటు ముందున్న ఆటో ఎక్కాం ముగ్గురం. హైవే మీద లారీల మధ్య ఆటో ఎంత పోయినా పోనట్టే ఉంది. ఆ పిల్ల చుట్టాలందరికీ ఫోన్లు చేసి పక్కింటివాళ్ళ నంబరు అడుగుతోంది. నా భయమంతా కుర్రాడి మీదికి మళ్ళింది.

"కళ్ళెక్కడ పెట్టుకుని వేశావురా పదికి పది?"

"చూశా మేడం" అన్నాడు నెమ్మదిగా. "టెస్టరు పెట్టి చూశా. వెలిగింది. మెయిన్ ఆపకుండా బల్బు ముట్టుకోమాకని వాళ్ళమ్మతో చెప్పా."

"ఆ ముక్క ఈ పిల్లతో చెప్పి మార్కు కొయ్యాలిగా!"

"అప్పటికే అన్నం పెట్టారు మేడం. నాకోసం కోడిని కోశారు. కొసరి కొసరి వడ్డించింది అత్త. అంతా తిని చెయ్యి కడుక్కుని, మీ అమ్మాయి పని తప్పని ఎట్లా చెప్పేది? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టుండదా?"

చాచి కొట్టాలనిపించింది. కానీ ఏమని కొడతాను? ఒకరింట్లో విస్తరి ముందు కూర్చుని, కూరలో ఉప్పు లేదని నేనెప్పుడైనా అన్నానా? బాగుందండీ అనే కదా లేచొస్తాం. ఆ ప్రశ్న లేని చీటీ తయారుచేసిందీ నేనే కదా. ఆ పిల్ల మాత్రం వాడి వంక చూడకుండా నంబర్లు నొక్కుతూనే ఉంది.

కీసర రాబోతుండగా పక్కింటి పెద్దమ్మ ఫోనెత్తింది. స్పీకరు పెట్టాం.

"మీ అమ్మా? కొట్టంలోనే ఉందే. స్టూలేసుకుని ఏందో చేస్తంది."

"దిగమను పెద్దమ్మా! ఏమీ ముట్టుకోవద్దను! నీకు దణ్ణం పెడతా!"

పెద్దమ్మ గోడ మీంచి కేకేసింది. జవాబు లేదు. ఇంకో కేక వేసింది. గేదె అరుపు తప్ప ఏమీ వినపడలేదు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగబడ్డాయి. తిరుపతమ్మ తల్లీ, ఈ ఒక్కసారికి గట్టెక్కించమని మొక్కుకున్నాను.

"ఏందే ఆ అరుపులు?" తల్లి గొంతు. పెద్దమ్మ గోడ మీంచి ఫోనందించినట్టుంది. "బల్బు పెట్టబోతంటే దిగు దిగని ప్రాణం తీస్తన్నారు!"

ఫోను లాక్కున్నాను. "మెయిన్ ఆపారా అండీ?"

"మేడంగారా? మెయినెందుకండీ, పొద్దుట్నించీ కరెంటే లేదుగా. ఆ బాబు చెప్పాడు లేండి. అయినా కరెంటు లేనప్పుడు పెట్టుకుంటే భయముండదని..."

ఆమె మాట పూర్తి కాకుండానే ఫోన్లో గుర్రుమని పెద్ద మోత. పెద్దమ్మ స్విచ్ ఆపకుండా వదిలేసిన మిక్సీ కాబోలు, దానంతటది తిరగడం మొదలైంది.

"ఇదిగోండి, వచ్చేసింది" అంది ఆమె సంతోషంగా. "స్విచ్చి ఆపే ఉంది లేండి. ఇంక పెట్టేదా?"

నాకు నోరు పెగల్లేదు. అంత గొంతూ ఏమైపోయిందో. కుర్రాడే నా చేతిలో ఫోను మీదికి వంగి అరిచాడు.

"వద్దత్తా! తప్పు కట్టింది! మీ అమ్మాయి తప్పు కట్టింది!"