మిరపచేను గొంతు

వెంకటరావమ్మ చిలకలూరిపేట దగ్గర మిరపకోతల ముఠాకి మేస్త్రి. చేనుకి ఈ చివర నిలబడి అరిస్తే ఆ చివర కూలీలు నడుం ఎత్తి చూస్తారు. ఆ గొంతే కూతురు బిందుమాధవికీ వచ్చింది.

ఎయిర్‌హోస్టెస్ ఇంటర్వ్యూలకి వెళ్లిన మొదటి మూడుసార్లూ ఆ గొంతు వల్లే ఉద్యోగం తప్పింది. "మెల్లగా మాట్లాడమ్మా, ఇది పొలం కాదు" అన్నారు. ఏడాదిపాటు గొంతు తగ్గించడం నేర్చుకుని నాలుగోసారి గట్టెక్కింది.

హైదరాబాదు ట్రైనింగులో ఒకరోజు నమూనా విమానం నిండా పొగ వదిలారు. ప్రయాణికుల్ని అరిచి కిందికి దించాలి. ముందు వెళ్లిన నలుగురి గొంతూ మూడో వరస దాటలేదు. బిందుమాధవి వంతు వచ్చింది. పొగ ఘాటు తగలగానే నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎగిరిపోయింది.

"ఏయ్, సంచులు అక్కడే పడెయ్యండి! దూకండి, దూకండి!"

ప్రయాణికులుగా కూర్చున్న పంజాబీ, బెంగాలీ అమ్మాయిలకి తెలుగు ముక్క రాదు. అయినా ఒక్కరూ బ్యాగు ముట్టుకోకుండా దూకేశారు.

ట్రైనింగు మేడమ్ గడియారం చూసి, "ఇంకోసారి ఇంగ్లీషులో చెయ్యి. గొంతు మాత్రం తగ్గించకు" అంది.

సాయంత్రం ఫోన్లో ఈ సంగతి విని వెంకటరావమ్మ చేనంతా వినపడేలా అరిచింది.

"మరి ఏడాదిపాటు నా పిల్ల నోరెందుకు నొక్కారంట?"