చూద్దాంగారి నేల

పింఛన్ల ఆఫీసులో ఆయన్ని అందరూ చూద్దాంగారనే పిలుస్తారు. ఫ్యాను మార్చాలా అంటే చూద్దాం, కిటికీ తెరవాలా అంటే చూద్దాం. ప్రతిదానికీ మీనమేషాలు లెక్కపెట్టే ఈ మనిషి ఎలా అయ్యాడో గానీ హెడ్ గుమాస్తా అయ్యాడు. ఇంట్లోనైతే ఆ మాట అనే అవసరం కూడా రాదు. కర్టెన్ల రంగు దగ్గర్నుంచి ఆయన చొక్కాల రంగు దాకా భార్యా, అత్తగారూ కూర్చుని తేల్చేస్తారు. ఆయనకూ అదే హాయిగా ఉండేది.

అలాంటివాడి నెత్తిన ఆఫీసు నేల వచ్చి పడింది. పాత గచ్చు గుంటలు పడిపోయి, పింఛను కోసం వచ్చే ముసలివాళ్ళ చేతికర్రలు వాటిలో ఇరుక్కుంటున్నాయి.

"సోమవారానికల్లా ఏ రకం వేయాలో మీరే తేల్చండి. లేదంటే నాకు నచ్చింది వేయించేస్తా," అన్నాడు మేనేజరు.

మేనేజరుకు నచ్చింది మొహం కనిపించేంత నున్నటి తెల్ల టైలు. దాని మీద ఆ ముసలివాళ్ళు నడవడం తలుచుకుంటేనే చూద్దాంగారికి గుండె జారిపోయింది. కాదనడానికి నోరు రాదు, ఔననడానికి మనసొప్పదు.

సరే, పరీక్ష పెడదామనుకున్నాడు. నున్నటి టైలు, గరుకు టైలు, చెక్క పలక, తివాచీ ముక్క, ఇలా నమూనాలు తెచ్చి టీ బల్లకు వెళ్ళే దారిలో పరిచాడు. అందరూ తొక్కుతారు, ఏది తట్టుకుంటే అదే వేయిద్దామని ఆయన ఎత్తు. తొక్కితేగా! కొత్త వస్తువు కదా, మాసిపోతుందని ఒక్కరూ అడుగు పెట్టలేదు. టైపిస్టు గోడకు అతుక్కుని జరిగి జరిగి వెళ్ళింది. క్యాషియరు టీ కప్పుతో సహా గెంతాడు. మేనేజరంతటివాడు కూడా ప్యాంటు ఎత్తిపట్టుకుని దాటాడు. నాలుగు రోజులు తిరిగేసరికి నమూనాలు మెరుస్తూనే ఉన్నాయి, జనానికే మోకాళ్ళు పట్టేశాయి.

ఇక లాభం లేదని వాటిని సంచిలో వేసుకుని ఇంటికి మోసుకెళ్ళాడు. ఇంట్లో ఆయన తెచ్చినదానికి మర్యాద ఎక్కడిది? వంటింటి గుమ్మం దగ్గర పరిచీ పరచకముందే తొక్కుడు మొదలైంది. కూతురు చెక్క మీదుగా కుర్చీ ఈడ్చి ఇంత పొడుగు గీత పెట్టింది. భార్య తివాచీ మీద టీ ఒలకబోసి, "దారికడ్డంగా పెడితే ఒలకదూ?" అని ఆయన్నే కేకలేసింది. అత్తగారు తడికాళ్ళతో వచ్చి నున్నటి టైలు మీద సర్రున జారింది. ఆయన ఒక్క దూకు దూకి రెక్క పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

"నా నడుం విరగ్గొట్టాలనే తెచ్చారా అల్లుడుగారూ ఇవన్నీ?" అందావిడ వణుకుతూనే.

"మరి ఆ గరుకుది ఎలా ఉందండీ?"

"అదెక్కడుంది?" అందావిడ. ఆవిడ నిలబడింది దాని మీదే.

సోమవారం మేనేజరు గరుకు టైలును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేమిటండీ, గోనెసంచి రంగు! తెల్లదే వేయిద్దాం. ఏమంటారు?"

ఏమంటాడో ఆఫీసుకంతా తెలుసు. ఎవరూ తల కూడా ఎత్తలేదు.

"వద్దండి," అన్నాడాయన.

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. మేనేజరు తనకు సరిగ్గా వినిపించలేదేమో అనుకున్నాడు. "ఏమిటీ?"

"వద్దంటున్నానండి. మా అత్తగారు దాని మీద జారారు. పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను. ఇక్కడికొచ్చేవాళ్ళని ఎవరు పట్టుకుంటారండీ? నేనొప్పుకోను."

మేనేజరు వరండాలో కర్రలు ఆనించుకుని కూర్చున్న ముసలివాళ్ళను కాసేపు చూశాడు. "సరే, గరుకుదే కానివ్వండి," అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెబితే భార్య నమ్మలేదు.

"ఎవరు తేల్చారు?"

"నేనే."

"మీరే?"

"నేనే అంటుంటే!"

అత్తగారు మాత్రం లేచి, ఆయన చెయ్యి పట్టుకుని స్నానాలగది గుమ్మం దాకా నడిపించుకెళ్ళింది.

"ఇక్కడేది వేయించాలో కూడా మీరే చెప్పండి బాబూ," అంది. "మేం మధ్యలో మాట్లాడం."